ఇంట్లోనే అయిదుగురికి అక్షరాలు

ఇద్దరు పిల్లల చేత హోంవర్కు చేయించేసరికే తల ప్రాణం తోకకొస్తుందని మీలో చాలామంది అంటుంటారు. నిజమే. మరి అయిదుగురు పిల్లలకు, అయిదు రకాల పాఠాలు, పదహారేళ్లపాటు ఇంట్లోనే చెప్పాలంటే ఎలా ఉంటుందో ఊహించండి. నేను చదివింది ఇంటర్మీడియెట్, అదీ సి.ఇ.సి. టీచరు ట్రైనింగు ఏమీ లేదు. "బడికి పంపకుండా ఎలా నెట్టుకొచ్చావమ్మా?" అని పెళ్లిళ్లలోనూ, పేరంటాల్లోనూ అడిగేవాళ్లకు రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మావారు, మా మరిది ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజర్లు. 2004 తర్వాత కాలువ పనులు జోరుగా సాగిన రోజుల్లో కర్నూలు, అనంతపురం వైపు, ఆ తర్వాత రోడ్డు పనులకు చిత్రదుర్గ వైపు, చివరికి జడ్చర్ల దగ్గర. ఎక్కడ పని ఉంటే అక్కడే కాపురం. నేను, తోడికోడలు, అత్తయ్యగారు, పిల్లలు అంతా కలిసి ఒకే అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాకు ముగ్గురు, తోడికోడలికి ఇద్దరు. పెద్దమ్మాయి నాది. రెండోవాడు తోడికోడలి కొడుకు. మూడోవాడు నావాడు. నాలుగోది వాళ్లమ్మాయి. ఆఖరివాడు మళ్లీ నావాడు.

పెద్దమ్మాయి ఏడేళ్లు నిండేలోగా రెండేళ్లలో మూడు బళ్లు మారింది. ప్రతిచోటా కొత్త యూనిఫాం, కొత్త పుస్తకాలు, కొత్త ఫీజు. ఒకచోట గుణకారాలు అయిపోతే ఇంకోచోట కూడికల దగ్గరే ఉండేవాళ్లు. సంవత్సరం మధ్యలో వెళితే సీటు లేదనేవాళ్లు. తర్వాత వెళ్లాల్సింది కర్ణాటక అని తెలిసింది. అక్కడ కన్నడం మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకోవాలి. 2008లో అందరం కూర్చుని మాట్లాడుకుని, పనులు ఒకచోట కుదుటపడేదాకా ఇంట్లోనే చెబుదామని నిర్ణయించుకున్నాం. కుదుటపడటానికి పదేళ్లు పట్టింది!

మొదటి కష్టం చదువుది కాదు, వేళది. ఇంట్లో ఉన్న ఆడదానికి పని లేదనే అనుకుంటారు కదా. పాఠం మొదలెట్టగానే పక్కింటావిడ కాఫీపొడికి వచ్చేది. పది గంటలకు నీళ్ల ట్యాంకరు హారన్ కొడితే అందరం బిందెలు పట్టుకుని పరుగు. నేను పీట మీద ఉంటే "అమ్మా, ఆకలి", లేస్తే "అమ్మా, ఈ లెక్క". అప్పుడు తోడికోడలు ఒక మాట అంది. "అక్కా, పాఠం నీది, వంట నాది. పన్నెండు దాకా నువ్వు వంటింట్లోకి రావద్దు, నేను నీ బల్ల దగ్గరికి రాను." ఆ ఒక్క మాటే మా బడికి పునాది. పదహారేళ్లలో ఆవిడ వేసిన పోపుల లెక్క తీస్తే నేను చెప్పిన పాఠాల కంటే ఎక్కువే ఉంటాయి.

బల్ల అంటే నిజం బల్ల కాదు. సైటులో మిగిలిపోయిన సెంట్రింగ్ ప్లైవుడ్ ముక్కకు మావారు నల్లరంగు వేయించి తెచ్చారు. దాన్ని కిటికీ పక్కన నిలబెడితే బడి మొదలైనట్టు, గోడవైపు తిప్పితే అయిపోయినట్టు. బల్ల తెరిచి ఉన్నంతసేపు నన్ను ఎవరూ అన్నం అడగకూడదు, నేను ఎవర్నీ "అన్నం మెతుకులు కింద పోశావేం?" అని తిట్టకూడదు. అమ్మే టీచరైతే పిల్లలకు రోజంతా ఊపిరాడదు. అందుకే ఆ హద్దు పెట్టుకున్నాం.

రెండో కష్టం, అయిదుగురూ అయిదు మెట్ల మీద ఉండటం. అందరికీ విడివిడిగా చెబితే రోజు చాలదు. లెక్కలు, భాష మాత్రం ఎవరివి వాళ్లకు. మిగతావి అందరికీ కలిపి ఒకే పాఠం. పప్పు ఉడికేటప్పుడు మూత తీసి, దాని అడుగున చేరిన నీటిబొట్లు చూపించేదాన్ని. చిన్నవాళ్లు "ఆవిరి" అని రాస్తే చాలు. మధ్యవాళ్లు ఆవిరి చల్లబడితే మళ్లీ నీరెందుకవుతుందో చెప్పాలి. పెద్దమ్మాయి వానకూ దీనికీ పోలిక బొమ్మ వేయాలి. లెక్కలకు చింతపిక్కలు, కొలతలకు బియ్యం డబ్బాలో గ్లాసు, తూకానికి కూరలబండి. ఎక్కాలు పొద్దున్నే అందరూ కలిసి పైకి చెప్పాలి. రెండో ఎక్కం చదివేవాడు పదమూడో ఎక్కం విని విని, నేర్పకుండానే పట్టేసేవాడు. సాయంత్రం అత్తయ్యగారు వేమన, సుమతీ శతకాల్లో రోజుకో పద్యం చెప్పించేవారు. ఆవిడ అయిదో తరగతే చదివారు గానీ, ఒత్తు పలకడంలో తప్పు దొర్లితే వదిలేవారు కాదు.

ఇక గొడవలు లేవనుకుంటున్నారా? ఒకే ఇంట్లో ఇద్దరు తల్లుల పిల్లలు, చెప్పేది ఒక తల్లి. రెండోవాడికి పరీక్షలో మార్కులు తగ్గాయని ఒకసారి మూడు రోజులు తోడికోడలు ముభావంగా ఉంది. నోటితో ఏమీ అనలేదు, కానీ చారులో ఉప్పు తెలిసిపోయేది. ఆ నెల నుంచి మార్కులు వేయడమే మానేశాను. తప్పయిన లెక్క కింద గీత గీసి, మళ్లీ చేయించి, సరయ్యాక ఆ పేజీ వాళ్లమ్మకు చూపించుకోమనేదాన్ని. మార్కులు పోయాక పోలికలు పోయాయి.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం మూడోవాడి చదువు. ఎనిమిదేళ్లు నిండినా వాడికి చదవడం రాలేదు. నోటి లెక్కలు టకటకా చెప్పేవాడు. పుస్తకం తీస్తే మాత్రం అక్షరాలు కలిపేసరికి చెమటలు పట్టేవి. "నీ ఇంటి బడికి పిల్లాడు బలైపోతున్నాడు" అని దగ్గరి బంధువులే అన్నారు. 2012లో బడి బయట ఉన్న పిల్లల వివరాలు రాసుకోవడానికి ఒక టీచరుగారు మా గుమ్మంలోకి వచ్చారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది కదా. ఆవిడ ఆ సంగతే మర్యాదగా చెప్పారు. నేను నోటు పుస్తకాలన్నీ ముందు పరిచాను. ఆవిడ అన్నీ తిరగేసి, మూడోవాడి చేతికి పుస్తకమిచ్చి "చదువు నాన్నా" అన్నారు. వాడు తలొంచుకు నిలబడ్డాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆవిడ కోప్పడలేదు. "ఇక్కడ ఉన్నన్నాళ్లూ బడికి పంపండి. మధ్యలో వచ్చినా ఇప్పుడు కాదనకూడదు" అన్నారు. నాలుగు నెలల్లో చిత్రదుర్గ వెళ్లిపోతున్నామని చెబితే, మర్నాడు రెండో తరగతి పాత వాచకం ఒకటి పంపించారు. ఆ పుస్తకంతో, దానికి తోడు వాడికిష్టమైన వాటితో మళ్లీ మొదలుపెట్టాను. సిమెంటు బస్తా మీద రాత, లారీ వెనక రాత, సైటు బోర్డులు. రోజుకు పది నిమిషాలే, అదీ ఎవరూ లేనప్పుడు. తొమ్మిదో ఏడు నిండాక ఒకరోజు ట్రాక్టరు మీద రాసింది మొత్తం చదివి, నా మొహం వైపు చూశాడు. వంటింట్లోంచి తోడికోడలే ముందు పరుగెత్తుకొచ్చింది. వాడు ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాడు. అయితే అర్థం కాకుండా ముందుకు పోడు.

పై తరగతుల లెక్కలు నాకే కొత్త. పిల్లలు పడుకున్నాక రాత్రి పది నుంచి పదకొండు దాకా మర్నాటి పాఠం నేను చదువుకునేదాన్ని. అర్థం కానివి ఎర్రపెన్నుతో గుర్తు పెట్టుకుంటే, సైటులో పనిచేసే కుర్ర ఇంజినీరు ఆదివారం మా ఇంట్లో భోంచేసి, ఆ ఎర్రగుర్తులు తీర్చి వెళ్లేవాడు. చదువు వదిలేసిన పద్దెనిమిదేళ్లకు బీజగణితం అర్థమైన రోజు నాకు కలిగిన సంతోషం, కొత్త చీర కట్టుకున్నప్పుడు కూడా కలగలేదంటే నమ్మండి.

"సర్టిఫికెట్టు ఎలా?" అన్నది మీ తర్వాతి ప్రశ్న అని తెలుసు. సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్.ఐ.ఓ.ఎస్., కేంద్ర ప్రభుత్వానిది. అందులో పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు పదో తరగతికి చేరవచ్చు. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, కావాలంటే మరో రెండు అదనంగా తీసుకోవచ్చు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఒకసారి చేరితే అయిదేళ్లు గడువు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. పెద్దమ్మాయి తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్, హోంసైన్సు రాస్తానంది. "లెక్కలు లేకుండా అయిదు అవుతున్నాయిగా, ఎందుకమ్మా నాకీ బాధ?" అని ఏడ్చింది. మావారు కూడా దాని పక్షమే. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు తేలిగ్గా ఉందని ఒక తలుపు మూసేస్తే, రేపు దాని అవతల ఏముందో చూడాలనిపించినా దారుండదు. చివరికి లెక్కలు అదనపు సబ్జెక్టుగా పెట్టించాం. 2016 ఏప్రిల్‌లో అయిదూ పాసైంది, లెక్కలు పోయాయి. అవి పోయినా పదో తరగతికి లోటు లేదు. కానీ అదే పట్టుబట్టి అక్టోబరులో మళ్లీ రాసి గట్టెక్కింది. ఇప్పుడు నర్సు. "మందు మోతాదు లెక్క వేసేటప్పుడల్లా నువ్వే గుర్తొస్తావమ్మా" అంటుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు చూడాలి! జడ్చర్లలో మా వీధి వీధంతా ఇంటి బడే. సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. "పిల్లలు టీవీ ముందు కుదురుగా కూర్చోవడం లేదు, మీరెలా చేశారండీ?" అని అడిగిన ఇల్లాళ్లకు నేను చెప్పింది ఒకటే. పాఠం తక్కువ చేయండి, వేళ మార్చకండి, పక్కన మీరు కూర్చోండి.

ఆ మరుసటి ఏడే నాలుగోది, తోడికోడలి కూతురు, నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "పెద్దమ్మా, నేను బడికి వెళ్తాను. పక్కన కూర్చోవడానికి నా ఈడు పిల్ల కావాలి." అన్నలు, అక్క ఉన్న ఇంట్లో దానికి స్నేహితురాలు లేదు. మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు? పదేళ్లుగా నా బల్ల ముందు కూర్చున్న పిల్ల. కానీ ఊళ్లు మారడం కోసం మొదలుపెట్టిన బడి ఇది, పిల్లల కాళ్లకు బంధం వేయడానికి కాదు. మేం జడ్చర్లలో స్థిరపడ్డాం కూడా. 2021లో తొమ్మిదో తరగతిలో చేర్పించాం. మొదటి వారం మాటలు కలవక ఇబ్బంది పడింది. నెల తిరిగేసరికి సాయంత్రం కబుర్లతో చెవులు చిల్లులు పడేవి. ఆఖరివాడు మాత్రం ఇంట్లోనే చదివి 2024లో పదో తరగతి పాసయ్యాడు. రెండోవాడు బీకాం, మూడోవాడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివారు. గొప్ప ర్యాంకులేం కావు. అయిదుగురూ పుస్తకం చూసి భయపడరు, నాకంతే చాలు.

మీ ఊళ్లో మంచి బడి ఉండి, మీరు స్థిరంగా ఉంటే పిల్లలను బడికే పంపండి. నేను చేశాను కదా అని మీరూ చేయాలని చెప్పను. దీనికి ఒక మనిషి జీవితంలో ప్రతి పొద్దూ కావాలి. వంటింటి భారం పంచుకునే మరో మనిషి కూడా కావాలి. ఆ తోడు లేకుండా దిగకండి. తప్పనిసరై దిగితే మాత్రం పిల్లల పుట్టినతేదీ కాగితాలు, నోటు పుస్తకాలు ఒక పెట్టెలో భద్రపరచండి. మీకు రానిది అడగడానికి సిగ్గుపడకండి. ఏటా జూన్‌లో ఒకసారి పిల్లలనే అడగండి, ఈ ఏడు బడికి వెళ్తారా అని.

బడికి వెళ్లే పిల్లలున్న తల్లులకూ ఒక మాట. "మా చదువు ఎప్పుడో మర్చిపోయాం" అని తప్పుకోకండి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మీ అబ్బాయి ఏడో తరగతి లెక్కల పుస్తకం తీసి ఒక్క అభ్యాసం చేసి చూడండి. రాకపోతే సాయంత్రం వాణ్నే అడగండి. అమ్మకు లెక్క నేర్పే అవకాశం వస్తే ఏ పిల్లాడు వదులుకుంటాడు చెప్పండి!