చీటీలో లేని ఐదు కేజీలు

మన గ్రూపులో టెన్త్‌కి, కానిస్టేబుల్ పరీక్షకి చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. "లెక్కలు మన వల్ల కాదు" అనే మాట బయటివాళ్ళకన్నా మనమే ఎక్కువ అంటున్నాం. అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దదే, పెన్నూ కాగితం పట్టుకుని చదవండి.

నేను బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చి తణుకులో డిగ్రీ చదువుతున్నా. మా రూముల్లో ఉండే ఇంటర్ తమ్ముడు ఒకరోజు వాళ్ళ నాన్న ధాన్యం అమ్మిన చీటీ ఫోన్లో చూపించాడు. బస్తాలు 30. ధర మద్దతు ధరే. చేతికొచ్చింది 48,300 రూపాయలు. "ధర కరెక్టే కదన్నా, మరి డబ్బులు తగ్గాయేంటి?" అన్నాడు. ఇద్దరం కూర్చుని కట్టాం.

ముందు అనుపాతం. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 2,300. అంటే 100 కేజీలకి 2,300, ఒక కేజీకి 23. మన దగ్గర బస్తా 75 కేజీలు. 75 × 23 = 1,725. ఒక్కదానికి ఎంతో తెలిస్తే ఎన్నిటికైనా కట్టొచ్చు. 30 బస్తాలకి 51,750 రావాలి. తగ్గింది 3,450.

ఇప్పుడు బీజగణితం. ధర మారలేదు కాబట్టి తూకంలోనే తరుగు తీసి ఉండాలి. బస్తాకి ఎంత తీశారో తెలీదు కాబట్టి దాన్ని 'ఎక్స్' కేజీలు అనుకుందాం.

30 × (75 – ఎక్స్) × 23 = 48,300
రెండు వైపులా 23తో భాగిస్తే: 30 × (75 – ఎక్స్) = 2,100
30తో భాగిస్తే: 75 – ఎక్స్ = 70
ఎక్స్ = 5

సరిచూసుకోండి. 30 × 5 = 150 కేజీలు. 150 × 23 = 3,450. సరిపోయింది.

ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు. దాటితే తరుగు అడుగుతారు, అది వేరే సంగతి. కానీ ఈ చీటీలో తేమ ఎంతో లేదు, తరుగు ఎంతో లేదు. పోయింది మాత్రం నిండుగా రెండు బస్తాలు. తమ్ముడు ఫోన్ చేసి చెబితే వాళ్ళ నాన్న, "రెండు బస్తాలు తేడా ఉందని నాకూ అనిపించిందిరా, అడగడానికి చేతిలో లెక్క లేదు" అన్నారు. వచ్చే పంటకి తేమ అంకె, తరుగు అంకె చీటీ మీద రాయించుకుంటానన్నారు.

ఒక్క జాగ్రత్త. అన్నీ ఇలా కలిసి పెరగవు. 12 మంది 3 రోజుల్లో నాట్లు వేస్తే, 9 మందికి ఎన్ని రోజులు? గబగబా కట్టేస్తే రెండుంపావు వస్తుంది. మనుషులు తగ్గితే పని ముందే అయిపోతుందా? నాట్లకి వెళ్ళిన మన అమ్మలు నవ్వుతారు. ఇది విలోమానుపాతం. 12 × 3 = 36 మంది కూలి. 36 ÷ 9 = 4 రోజులు. సూత్రం కన్నా ముందు "ఇది పెరిగితే అది పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడగండి. పరీక్షలో సగం మార్కులు అక్కడే పోతున్నాయి.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఒక చీటీ తీయండి. ధాన్యమో, జీడిగింజలో, కూలి డబ్బులో, ఏదైనా సరే. పేర్లు తీసేసి అంకెలు మాత్రం గ్రూపులో పెట్టండి. కలిసి కడదాం.