నాలుగు రోకళ్ళు

కోడలికి ఏడోనెల వచ్చిందంటే శొంఠీ, వామూ, కొత్తావకాయా మూటగట్టుకుని మిషిగన్ వచ్చాను. వచ్చిన మర్నాటినించీ ఇంట్లో పురిటి కబుర్లకన్నా పొగగొట్టం కబుర్లే ఎక్కువయ్యాయంటే నమ్ముతారా?

మావాడిది పాత సుబారు కారు. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు జల్లుతారు. ఆవకాయని నిలబెట్టే ఉప్పు ఇనుముని మాత్రం తినేస్తుంది! ఇంజను దగ్గర గొట్టం తుప్పుపట్టి చిల్లుపడింది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. కార్లోకి చేరితే ప్రాణానికే ముప్పు.

"పురిటిబిడ్డని ఇందులో తెస్తావుట్రా?" అన్నాను.

"కొత్త గొట్టం నేనే చేస్తానమ్మా" అన్నాడు. మగవాళ్ళు సరదాపడి చెయ్యడానికే వస్తువులు పాడవుతాయేమోనని నా అనుమానం.

ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లూ అటు రెండు, ఇటు రెండు పడుకుని ఉంటాయి. పిస్టన్లు ఎదురెదురుగా వస్తాదుల గుద్దుల్లా కదులుతాయి కనక బాక్సర్ అని పేరు. వెనకటి బీటిల్ కారుదీ ఈ రకం ఇంజనే. సుబారు వాళ్ళు 1966లో ఇలాంటిది పెట్టి కారు తెచ్చారు. నాలుగూ ఒకే వరసలో ఉంటే గొట్టాలు కలపడం తేలికట. ఇక్కడ రెండు పక్కలనించీ ఇంజను కిందకి తెచ్చి కలపాలి.

మావాడు కాగితం మీద 1-3-2-4 అని రాశాడు. అది సిలిండర్లు పేలే వంతు. కుడివైపు రెండు, తర్వాత ఎడమవైపు రెండు. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకి 100 పేలుళ్ళు! నాకు మా అమ్మమ్మగారింట్లో వడ్లు దంచే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఒకే రోటి చుట్టూ ముగ్గురు నలుగురు నిలబడేవారు. రోకలి తర్వాత రోకలి, ఒకదానికొకటి తగలకుండా. ఇక్కడా వంతులు సమంగానే ఉన్నాయి. కానీ పాత గొట్టాల్లో ఒకవైపు పొగ దగ్గరదారిన, రెండోవైపు పొగ దూరపుదారిన వచ్చేది. అందుకే ఆ కారుకి కుంటిగుర్రం దౌడులాంటి డబ్బడబ్బ చప్పుడు.

సమానమైన పొడుగుంటే ఒక పొగ వెళ్ళిపోతూ వెనక వదిలిన వెలితి తరవాతి పొగని లాక్కుంటుంది. అందుకని ఎదురెదురు సిలిండర్లని జతకలిపి, ఆ రెండు జతలనీ చివర ఒకటి చెయ్యాలన్నాడు. గొట్టం మరీ లావైతే పొగ మందగిస్తుంది, మరీ సన్నమైతే అడ్డుపడుతుంది. తీగ వంచి నమూనాలు చేశాడు. వంపులున్నచోట టేపు నిలవక సతమతమవుతుంటే పురికొస తెచ్చి గొట్టం నడిమధ్యగా పట్టి కొలిచాను. జాకెట్టు చంకదగ్గర కొలిచే చేతికి ఇదేం బ్రహ్మవిద్య!

దగ్గరగా వచ్చే గొట్టాన్ని కావాలనే చుట్టుతిప్పాడు, దూరపుదానికోసం ఆగినట్టు. మరీ కిందకి వేలాడితే రోడ్డు గీరుకుంటుందిట. వేడికి ఉక్కు సాగుతుంది కనక మధ్యలో ఒక మెత్తటి అతుకు. మావాడి స్నేహితుడొచ్చి, విషవాయువులు తగ్గించే కన్వర్టరు తీసెయ్యి, ఇంకా మోగుతుందన్నాడు. చట్టం ఒప్పుకోదని మావాడూ, నేనొప్పుకోనని నేనూ అన్నాం.

అసలు పరీక్ష చివర్లో. వాక్యూం క్లీనరు గాలి వెనకనించి ఊది, అతుకులన్నిటిమీదా సబ్బునీళ్ళు రాశాం, సైకిల్ ట్యూబు పంచరు చూసినట్టు. మూడో అతుకు దగ్గర ఆవగింజంత బుడగ! పదకొండు గంటల రాత్రి అది అరగదీసి మళ్ళీ అతికించేదాకా నేను పడుకోలేదు. వాడినీ పడుకోనివ్వలేదు.

ఇప్పుడా కారు కుట్టుమిషనులా మెత్తగా పోతోంది. మా కోడలు మాత్రం కాస్త దిగులుగా అంది:

"ఆ చప్పుడు వినే అన్నం వడ్డించేదాన్నత్తయ్యా. ఇక ఆయన వీధి చివరికొచ్చినట్టు నాకెలా తెలుస్తుంది?"