సనా మక్కీ: మందుగానే ఉండనిద్దాం

మస్అలాలు అడగడానికి మా దగ్గరకు వచ్చే పెద్దవారు తరచుగా వేసే ప్రశ్న ఒకటుంది. "హజ్రత్, సనా మక్కీ సున్నత్ కదా! రోజూ రాత్రి తాగితే పుణ్యమూ ఆరోగ్యమూ రెండూ దక్కుతాయి కదా?" ఆ ప్రశ్న వెనుక ఉన్న ప్రేమను మేము గౌరవిస్తాం. అయితే జవాబు కోసం ఆ హదీసును మొదటి నుంచి చదవాలి.

తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాలలో హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఉల్లేఖనం ఉంది. విరేచనం కోసం ఏమి వాడుతున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. షుబ్రుమ్ అనే మూలిక పేరు ఆమె చెప్పారు. అది చాలా వేడి చేసేదని ఆయన హెచ్చరించారు. తరువాత ఆమె సనా వాడగా, దాన్ని ఎంతగానో మెచ్చుకున్నారు. ఈ ఉల్లేఖన పరంపరపై హదీసువేత్తల చర్చ ఉన్నది. ఆ సంగతి అటుంచినా, ప్రజలకు చివరి ప్రశంసే గుర్తుంటున్నది. మొదటి హెచ్చరిక మరుగున పడుతున్నది. తీవ్రమైన మందును వదిలి మృదువైనదాన్ని ఎంచుకోవడమే అందులోని పాఠం. నిత్యం తాగమన్న మాట అందులో లేదు.

సనాను మన తెలుగువారు సునాముఖి అంటారు. దాని ఆకులోనూ కాయలోనూ సెన్నోసైడ్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చిన్నప్రేగులో దాదాపు ఇంకకుండానే పెద్దప్రేగుకు చేరుతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని విడగొట్టినప్పుడే మందు పని మొదలవుతుంది. ప్రేగు గోడలు బలంగా కదులుతాయి. మలంలోని నీరు తిరిగి శరీరంలోకి ఇంకడం తగ్గుతుంది. ఇందుకు 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి తాగితే ఉదయం ఫలితం కనిపించేది అందుకే. రమజానులో సహరీ వేళ తాగినవారికి పగటిపూట ఉపవాసంలోనే విరేచనాలై నీరసం వచ్చేదీ అందుకే.

నాలుగు రోజుల అవసరానికి ఇది మంచి మందు. నెలల తరబడి, ఎక్కువ మోతాదులో వాడితే నీటితోపాటు పొటాషియం కూడా శరీరం నుంచి పోతుంది. కండరాలు బలహీనపడతాయి, గుండె లయ తప్పవచ్చు. పెద్దప్రేగు లోపలి పొర నల్లబారడం కూడా ఉంది. అది ప్రమాదకరం కాదు, మందు మానితే క్రమంగా తగ్గుతుంది.

మా మొహల్లాలో ఒక పెద్దాయన మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రతోపాటు ప్రతి రాత్రీ సునాముఖి పొడి వేసుకునేవారు. ఒకనాడు అస్ర్ నమాజులో సజ్దా నుంచి లేవలేకపోయారు. పక్కనున్నవారు పట్టుకుని లేపవలసి వచ్చింది. రక్తపరీక్షలో పొటాషియం బాగా తగ్గినట్లు తేలింది. "ఆకే కదా అనుకున్నాం" అని ఆయన కుమారుడు మాతో అన్నాడు. ఆకు కూడా మందే. పొడి డబ్బా మీద ఏ పేరున్నా, లోపల సునాముఖి ఉన్నదేమో చదివి చూడాలి. వైద్యునికి మాత్రల పేర్లతోపాటు పొడి పేరు కూడా చెప్పాలి.

ఇసబ్గోలు వేరే తీరుగా పని చేస్తుంది. అది ప్రేగును తరమదు. నీరు పీల్చి ఉబ్బి మలాన్ని మెత్తపరుస్తుంది. దాన్ని నిండు గ్లాసు నీళ్లతోనే తీసుకోవాలి, లేకుంటే గొంతులోనో ప్రేగులోనో అడ్డుపడవచ్చు. ఆముదం తీవ్రమైనది, గర్భిణులకు ఇంట్లో ఎవరూ పోయకూడదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతులతో కూడిన కడుపునొప్పి ఉంటే ఏ విరేచన మందూ వేసుకోకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఇవేవీ లేకున్నా వారం దాటి సునాముఖి అవసరమైతే అప్పుడూ వెళ్లాలి.

కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు విడిచిపెట్టాలన్న ప్రవక్త బోధన మనందరికీ తెలుసు. ఇఫ్తారులో వేపుళ్లు తగ్గించి పండ్లు, కూరగాయలు పెంచడం, తరావీహ్ నుంచి సహరీ వరకు కొద్దికొద్దిగా నీరు తాగడం, మస్జిదుకు నడిచి వెళ్లడం కూడా చికిత్సే. ఆ పెద్దాయన ఇప్పుడు డాక్టరు సలహాతో ఇసబ్గోలు తీసుకుంటున్నారు, ఫజ్ర్‌కు నడిచే వస్తున్నారు.

శరీరం మనకు అప్పగించబడిన అమానతు. దాన్ని మధ్యేమార్గంలో కాపాడుకునే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.