నొప్పి ఉన్నప్పుడే రండి

మావాడికి నాలుగేళ్లు నిండాక మొదలైంది కడుపునొప్పి. వీధిలో ఆడుకుంటున్నవాడు ఉన్నట్టుండి వచ్చి నా ఒళ్లో ముడుచుకునేవాడు. "అమ్మా, కడుపు నొస్తాందమ్మా" అనేవాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించి, ఎడమపక్కకు ఒరిగి, కదలకుండా పడుకునేవాడు. మొహం పాలిపోయి నుదుటి మీద చెమట పట్టేది. కాసేపటికి వాంతులు. లోపల ఏమీ మిగలకపోయినా ఓకరింతలు ఆగేవి కావు. కొన్ని గంటలు అలా నలిగి నలిగి నిద్రపోయేవాడు. లేచాక చూస్తే ఏమీ జరగనట్టే ఉండేవాడు. రాగిముద్ద, ఉప్పుసారు అడిగి తిని మళ్లీ వీధిలోకి పరుగెత్తేవాడు.

ఆ పరుగు చూసి ఎవరూ నమ్మేవారు కాదు. మా ఊరు సుగటూరు నుంచి కోలారుకు బండి మీద తీసుకెళ్లేసరికి పిల్లవాడు డాక్టరు బల్ల మీద కాళ్లూపుతూ కూర్చునేవాడు. పొట్ట నొక్కితే మెత్తగా ఉండేది. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. "బాగున్నాడు కదమ్మా" అని సిరప్ రాసిచ్చేవారు.

ఊళ్లో తలా ఒక మాట చెప్పారు. మా అత్త ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. బొడ్డు జరిగిందని ఒక ముసలమ్మ చమురు రాసి పొట్ట తోమింది. ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేశాం. వాము నీళ్లు తాగించాం. కోలారమ్మకు మొక్కుకున్నాం. వీటిని నేను తక్కువ చేసి చెప్పను. పసివాడు మెలికలు తిరుగుతుంటే ఇంట్లో పెద్దవాళ్లు చూస్తూ కూర్చోలేరు. నన్ను కోసింది వేరే మాట. "అంగన్‌వాడీకి పోకుండా ఉండటానికి నాటకం" అన్నారు కొందరు, వాడు వింటుండగానే. నాలుగేళ్ల పిల్లవాడికి వాంతి నటించడం ఎట్లా వస్తుంది? చెమట నటించడం ఎట్లా వస్తుంది? ఆ మాట విన్నాక వాడు కొన్నాళ్లు నొప్పి వచ్చినా నాతో చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది మాత్రం ఇవాళ్టికీ నాకు మరుపు రాదు.

పురుగులేమో అన్నారు. అంగన్‌వాడీలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వాడికి తప్పకుండా వేయించేవాళ్లం. అయినా మలపరీక్ష చేయించాం. ఏమీ లేదు. పాలు పడటం లేదేమో అని కొన్ని వారాలు పాలు మాన్పించాం. డైరీకి పాలు పోసే ఇంట్లో పిల్లవాడికి పాలు పోయకుండా ఉండటం ఎంత కష్టమో పాడి ఉన్నవాళ్లకు తెలుసు. నొప్పి మాత్రం మానలేదు. కడుపు స్కానింగు కూడా తీశారు. అన్నీ మామూలుగానే ఉన్నాయని రాశారు.

ఇక మిగిలింది నీళ్లు. మా కోలారు జిల్లాలో ఏ రోగం వచ్చినా చివరికి అనుమానం నీళ్ల మీదికే పోతుంది, అందులో తప్పేమీ లేదు. వెయ్యి అడుగులు దాటి బోర్లు దించాల్సి వచ్చిన నేల ఇది. లోతుకు పోయినకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడు వస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దాటిన ఊళ్లలో పండ్ల మీద గోధుమరంగు చారలు పడ్డ పిల్లలు, నడుము వంగిపోయిన పెద్దలు కనిపిస్తారు. 2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కె.సి. వ్యాలీ పథకం కింద మా చెరువులకు వదులుతున్నారు కాబట్టి దాని మీదా జనానికి భయాలున్నాయి. మేము ముందునుంచీ అయిదు రూపాయల బిళ్ల వేసి 20 లీటర్ల క్యాను నింపుకొచ్చే ఫిల్టరు నీళ్లే తాగుతున్నాం. ఇంట్లో అందరం ఒకే నీళ్లు తాగుతుంటే ఒక్కడికే, అదీ వచ్చి పోయే నొప్పి ఎందుకొస్తుందన్నదానికి జవాబు దొరకలేదు.

ఒక క్లినిక్కులో "నీళ్లు బాగా తాగించండి, మజ్జిగ, ఎళనీరు (కొబ్బరిబొండం నీళ్లు) ఇవ్వండి" అన్నారు. తాగించాం. నొప్పి తరచుగా రావడం మొదలైంది.

దారి చూపింది మా ఊరి ఆశా కార్యకర్త. "అక్కా, నోటితో చెప్తే డాక్టర్ల ముందు సగం మరిచిపోతాం. వచ్చినప్పుడల్లా రాసిపెట్టు. ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, ఒంటికి రెంటికి పోయాడా లేదా, అన్నీ" అంది. మా ఇంట్లో బెంగళూరు ప్రెస్ క్యాలెండరు ఉంది. ఆ తేదీల గడుల్లో పట్టినంత రాసేదాన్ని, పట్టనిది వెనకవైపు రాసేదాన్ని. మొదట్లో తిండి మీదే నా దృష్టంతా. శనగపిండి తిన్నాడా, మామిడికాయ తిన్నాడా అని. రాయగా రాయగా తిండికీ నొప్పికీ సంబంధం కనిపించలేదు. కనిపించింది తాగేదానితో. బంధువుల పెళ్లిలో గ్లాసు మీద గ్లాసు పానకం తాగిన రోజు. తోటలో ఎళనీరు తాగిన రోజు. ఎండలో ఆడి వచ్చి చెంబెడు నీళ్లు ఎత్తి తాగిన రోజు. ఇంకొకటి కూడా కనిపించింది. నొప్పి ఉన్నంతసేపూ వాడు ఒంటికి సరిగా పోడు. తగ్గిన వెంటనే దొడ్లోకి వెళ్లి చాలాసేపు పోసేవాడు. ఇది నేను ఎన్నోసార్లు చూసిందే. గడిలో రాసుకున్నాకే ప్రతిసారీ అట్లాగే జరుగుతోందని తెలిసింది.

ఆ క్యాలెండరు కాగితాలు చుట్టి పట్టుకుని కోలారులో చాలాకాలంగా పిల్లల వైద్యం చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితాలు బల్ల మీద పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, వెనకవైపు తిప్పి మరీ చదివారు. మా మాట అంత ఓపికగా చదివిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. తర్వాత మావాణ్ణి దగ్గరికి పిలిచి, "ఎక్కడ నొస్తుంది నాయనా? చెయ్యంతా వద్దు, ఒక్క వేలితో చూపించు" అన్నారు. ఎప్పుడూ పొట్ట మధ్యలో అరచెయ్యి పెట్టే పిల్లవాడు కాస్త ఆలోచించి, ఎడమవైపు పక్కటెముకల కింద వేలు పెట్టాడు.

పిల్లల కడుపునొప్పుల్లో ఎక్కువ భాగానికి లోపల ఏ జబ్బూ కనిపించదనీ, అట్లాంటి నొప్పి కూడా నిజమైనదేననీ ఆయన చెప్పారు. 1958లో ఇంగ్లండులో జాన్ ఆప్లే అనే పిల్లల డాక్టరు, తోటి డాక్టరుతో కలిసి వెయ్యిమంది బడిపిల్లల్ని పరీక్షించి రాసిన సంగతి చెప్పారు. దాదాపు పదిమందిలో ఒకరికి మళ్లీ మళ్లీ కడుపునొప్పి వస్తుందట. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే జబ్బు ఉందేమోనని అంత గట్టిగా వెతకాలని ఆప్లే చెప్పాడట. "ఈసారి రేపు చూద్దాం, తగ్గనీ అనుకోవద్దు. నొప్పి ఉన్నప్పుడే రండి. రాత్రయినా సరే. స్కానింగు అప్పుడే తీయాలి" అన్నారు.

వచ్చింది ఒక రాత్రి. మా ఆయన పక్కింటివాళ్ల టమాటా టెంపో అడిగి తెచ్చాడు. ఖాళీ క్రేట్ల మధ్య దుప్పటి పరిచి వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. గుంత వచ్చినప్పుడల్లా మూలిగేవాడు. నిద్రపోతాడేమో, పోతే తగ్గిపోతుందేమో, తగ్గితే మళ్లీ ఏమీ కనపడదేమో అని నాకు భయం. బిడ్డ నొప్పి కాసేపు ఉండాలని కోరుకునే తల్లి ఉంటుందా? ఆ రాత్రి నేను కోరుకున్నాను.

స్కానింగులో ఎడమ కిడ్నీ ఉబ్బి కనిపించింది. ముందు తీసిన స్కానింగు అబద్ధం కాదని పెద్దాయన చెప్పారు. అప్పుడు నొప్పి లేదు, ఉబ్బూ లేదు. "మీ తోటలో డ్రిప్పు ఉంది కదమ్మా. కీలు దగ్గర పైపు నొక్కుకుందనుకో, నీళ్లు సన్నగా వదిలితే ఎట్లాగో పోతాయి. మోటారు జోరుగా వదిలితే కీలుకు వెనకాల ఉబ్బుతుంది. వీడి కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట అట్లా ఇరుకుంది" అన్నారు. దాన్ని పీయూజే అడ్డంకి అంటారు. వచ్చి పోయే ఈ రకం నొప్పిని 1864లోనే పోలండులో డీట్ల్ అనే డాక్టరు వర్ణించాడట. కిడ్నీకీ పేగులకీ నరాల సంబంధం ఉండబట్టి వాంతులవుతాయి. చూసేవాళ్లంతా పొట్ట జబ్బనే అనుకుంటారు.

ఎస్‌.ఎన్‌.ఆర్‌. జిల్లా ఆస్పత్రిలో రెఫరల్ చీటీ తీసుకుని బెంగుళూరులో ఇందిరాగాంధీ పిల్లల ఆస్పత్రికి వెళ్లాం. బి.పి.ఎల్. కార్డు ఉండటంతో ఆరోగ్య కర్ణాటక పథకం కింద ఆపరేషన్ ఖర్చు మా మీద పడలేదు. చీటీ లేకుండా నేరుగా పోయేవాళ్లు ఇబ్బంది పడటం చూశాను కాబట్టి ఈ సంగతి రాస్తున్నా. ఆపరేషన్‌కు ముందు రీనోగ్రామ్ తీయించాం. చేతి నరంలో మందు ఎక్కించి, అది ఏ కిడ్నీలో ఎంతసేపు నిలుస్తుందో కెమెరాతో చూస్తారు. మధ్యలో మూత్రం ఎక్కువగా వచ్చే సూది వేస్తారు. మావాడు అరగంట కదలకుండా పడుకున్నాడు. రెండు కిడ్నీలూ సమానంగా చేయాల్సిన పనిలో ఎడమది చేస్తున్నది నూటికి 38 పాళ్లే. ఇంకా ఆలస్యమైతే అదీ తగ్గేది.

ఆపరేషన్ పేరు పైలోప్లాస్టీ. ఒక రక్తనాళం మూత్రనాళం మీదుగా అడ్డంగా పోతూ నొక్కుతోందని తర్వాత చెప్పారు. ఇరుకు భాగం కోసేసి, నాళాన్ని ఆ రక్తనాళానికి ఇవతలికి తెచ్చి మళ్లీ కుట్టారు. లోపల పెట్టిన సన్నని గొట్టాన్ని కొన్ని వారాల తర్వాత మత్తిచ్చి తీసేశారు. మత్తు దిగాక మావాడు మొదట అడిగింది నీళ్లు. నర్సమ్మ చెంచాతో పోస్తుంటే నా చెయ్యి తెలియకుండానే ఆమె చేతికి అడ్డం పోయింది. "ఇక భయం లేదమ్మా" అంది ఆమె.

తర్వాత నొప్పి రాలేదు. స్కానింగుకు పిలిచినప్పుడల్లా తీసుకెళ్తున్నాం. ఎడమ కిడ్నీ పనితీరు అంతకంటే పడిపోలేదన్నారు, అది చాలు మాకు. వాడి ముందే నాటకమన్నవాళ్లలో ఒకామె ఇంటికి వచ్చి వాడి నడుము పక్కన గీత చూసి ఏడ్చింది. నేను ఆమెను ఏమీ అనలేదు. కానీ పిల్లవాడు నొప్పి అంటే ముందు నమ్మండి అని ఇప్పుడు ఎవరికైనా చెప్తాను, గట్టిగానే చెప్తాను.

పోయిన ఎండాకాలం పై వీధిలో ఒక పాపకు కడుపునొప్పి అని వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చింది. మావాడికొచ్చిన జబ్బే అయి ఉంటుందని ఆమె భయం. నాకు తెలిసిందల్లా రాయడం ఒక్కటే, క్యాలెండరు గడులు చూపించి అదే చెప్పాను. ఆ పాపది కిడ్నీ కాదు. గడుల్లో తేలింది ఏమిటంటే పాప మూడు నాలుగు రోజులకొకసారి తప్ప రెంటికి పోవడం లేదు. బడిలో మరుగుదొడ్డి అంటే భయపడి ఆపుకునేది. డాక్టరు విరేచనం సాఫీగా అయ్యే మందు ఇచ్చి, రోజూ పొద్దున తిన్నాక దొడ్లో కూర్చోబెట్టమన్నారు. ఇప్పుడు బాగుంది. వాళ్లమ్మ మాత్రం రాయడం ఇంకా మానలేదు.