ఆంగ్ల సర్వనామము – అర్థనిశ్చయము

సర్వనామము నామమునకు ప్రతినిధి. ప్రతినిధి యెవరి పక్షమున మాటాడుచున్నాడో సభకు తెలియనిచో ఆ మాటకు విలువ యుండదు. ఆంగ్లమున వ్రాయు భారతీయ భాషా పండితునకు ఈ చిన్న సంగతియే తఱచుగా పెద్ద చిక్కు తెచ్చిపెట్టును.

ఆంధ్ర మహాభారతముపై పరరాష్ట్రమున పరిశోధించు విద్యార్థి యొకడు తన సిద్ధాంత వ్యాసమునకు ఆంగ్ల సంగ్రహము సిద్ధపఱచుచు, "తిక్కన రివియర్డ్ నన్నయ, బట్ హిజ్ డిక్షన్ ఈజ్ మోర్ నేటివ్" అని వ్రాసెననుకొందము. ఇందు 'హిజ్' అనగా ఎవరిది? తెలుగెఱిగినవాడు తిక్కనదేయని సరిపెట్టుకొనును. నన్నయ 11వ శతాబ్దిలో ఆరంభించిన రచనను 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వము మొదలు తుదివఱకు సాగించెననియు, తిక్కన రచనలో తెలుగు పదముల పాలు హెచ్చనియు అతడు ముందే యెఱుగును. వంగ భాషా విద్వాంసునకో, అస్సామీ విద్వాంసునకో ఆ వాక్యము తప్ప వేఱు ఆధారము లేదు. సర్వనామమునకు సమీపమున నున్నది నన్నయ పేరు గనుక, ఆ గుణమును నన్నయకే అంటగట్టినచో ఆ పాఠకుని తప్పు పట్టరాదు. ఒక కవి సొత్తు మఱియొక కవి పేర జమ యగును. పరీక్షకుడు తెలుగెఱుగనివాడైనచో ఆ పొరపాటు దిద్దువారుండరు.

దీనికి కేవలము ఆంగ్ల జ్ఞాన లోపమే కారణము గాదు. మాతృభాష నేర్పిన ధీమా కూడ కొంత కారణము. "చైత్రుడు మైత్రునితో తాను గెలిచితినని చెప్పెను" అన్నచో గెలిచినవాడు చైత్రుడే. సందేహమునకు తావు లేదు. 'తాను' అను సర్వనామమును, 'గెలిచితిని' అను ఉత్తమపురుష క్రియయు రెండువైపుల కాపు కాయుచున్నవి. ఆంగ్లమున ఈ రెండును పోయి 'హి' యొక్కటే మిగులును. గెలిచినది చైత్రుడో, మైత్రుడో, మూడవవాడో తేలదు. హిందీలోని 'అప్నా' కూడ కర్తను పట్టి చూపునదే. కావున హిందీ విద్యార్థికిని ఇట్టి చిక్కే ఎదురగును.

'వుయ్' అను మాట మఱియొక ఉదాహరణము. తెలుగున మేము, మనము. తమిళమున నాంగళ్, నామ్. మరాఠీలో ఆమ్హీ, ఆపణ్. గుజరాతీలో అమే, ఆపణే అను భేదము కలదు. వినువానిని కలుపుకొనుటయో, వెలిగా నుంచుటయో పదమే చెప్పును. "వుయ్ హావ్ నెగ్లెక్టెడ్ దిస్ పొయట్" అని వ్రాసినప్పుడు, ఉపేక్షించినది తెలుగువారా, చదువువాడును అందు చేరినవాడా? నింద ఎవరిపై పడుచున్నదో పాఠకునికి తెలియవలదా?

అనువాదకునికి ఇంకొక కష్టము కలదు. తెలుగున కర్తను లోపింపజేసి 'వచ్చినది' అనవచ్చును. ఆ క్రియ స్త్రీకిని, పశువునకును, వస్తువునకును సమానమే. ఆంగ్లము కర్తను అడిగి తీరును. అప్పుడు 'షి', 'ఇట్' అను రెండింటిలో నొకదానిని ఎన్నుకొనుట వ్యాకరణ కార్యము మాత్రమే గాదు. మూలమును అర్థము చేసికొనుటయే.

ఆంగ్లము కూడ తన లోటును తానెఱుగును. లింగము తెలియని ఒక్క వ్యక్తికి 'దే' అనుట 14వ శతాబ్ది నుండియే ఆ భాషలో కానవచ్చుచున్నది. శాసన భాష వేఱు త్రోవ పట్టినది. 1850 నాటి బ్రిటిషు చట్టమును, మన దేశపు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టమును పుంలింగ పదములలో స్త్రీలును చేరుదురని విధించినవి. 2019లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన రచనా నియమావళి ఏడవ కూర్పున ఏకవచన 'దే'ను అంగీకరించినది. ఒక్కరిని 'వారు' అని మన్నించు తెలుగువానికి ఇది వింత గాదు. అయినను అదే వాక్యమున బహువచన నామ ముండెనేని, 'దే' ఎవరిని సూచించునో మరల చూచుకొనవలెను.

ఉపాయము సులభము: సందేహము గలచోట పేరునే మరల వ్రాయవలెను. "తిక్కనాజ్ డిక్షన్" అన్నచో చిక్కు తీఱును. 'దిస్' అని విడువక 'దిస్ వ్యూ' అనియో, 'దిస్ రీడింగ్' అనియో నామమును జోడింపవలెను. 'ఫార్మర్', 'లాటర్' అను మాటలు పాఠకుని వెనుకకు మరల్చును గనుక అవి పేరునకు సాటిరావు. పునరుక్తి దోషమని మన విద్యార్థులు జంకుదురు. ఆలంకారికులు సందిగ్ధమును కూడ దోషములలోనే లెక్కించిరని వారు మఱువరాదు. శాస్త్ర రచనలో ఈ రెండింటిలో నేది పెద్ద దోషమో చెప్పనక్కఱలేదు. పేరు రెండుసార్లు చదివినందున పాఠకునకు కలుగు విసుగు క్షణికము. ఒకరి కీర్తి వేఱొకరికి చెందినచో దానిని సవరించుటకు ఒక తరము పట్టవచ్చును.