ఎఫ్3 మీద "నేను", ఎఫ్7 మీద "వీడు"

మా ఇంట్లో కంప్యూటరు కీబోర్డు మీద రెండు మీటలకి చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి ఉంటాయి. ఎఫ్3 మీద "నేను" అని, ఎఫ్7 మీద "వీడు" అని. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఇదేంటండీ బాబూ అని అడుగుతుంటారు. రాసింది మా నాన్న. కాబట్టి "నేను" అంటే ఆయన, "వీడు" అంటే మీ విధేయుడు. దీని వెనకో కథ ఉంది. కథలో సగం లినక్సు, సగం నా తెలివితక్కువతనం. లినక్సు అక్కర్లేని వాళ్ళు ఆ సగం దాటేయొచ్చు. కానీ దాటేస్తే నా తప్పేంటో సరిగ్గా అర్థం కాదు మరి!

2022 అక్టోబరులో నాన్న మా దగ్గరికి, అంటే కొలంబస్‌కి వచ్చారు. అమ్మ పోయాక ఆయన ఒక్కరే రావడం అదే మొదటిసారి. ఆర్నెల్లు ఉంటానన్నారు. నవంబరు వచ్చేసరికి ఒహాయో చలి సంగతి తెలిసిందే కదా. బయట తిరగడానికి లేదు. మా ఆవిడ ఆఫీసుకి, పిల్ల బడికి, నేను ఇంట్లోనే ఉన్నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటింగుల్లో. తెచ్చుకున్న నాలుగు పుస్తకాలూ నెలలోపే అయిపోయాయి.

నాన్న ముప్పై ఏళ్ళు తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి స్టిక్కులో పేర్చి మా చదువులు చదివించారు. అలాంటి మనిషికి చదవడానికి ఏమీ లేకపోవడమంటే భోజనం పెట్టకపోవడం లాంటిదే. అందుకని నా కంప్యూటర్లో వికీసోర్సు తెరిచి, "ఇదిగో నాన్నా, ఇక్కడ బోలెడు తెలుగు పుస్తకాలున్నాయి, చదువుకోండి" అని గొప్పగా అప్పజెప్పాను. పది నిమిషాలకే లేచిపోయేవారు. ఏం నాన్నా అంటే, "తర్వాత చదువుతాలేరా, నీ పని చూసుకో" అనేవారు.

డిసెంబరు మొదటి వారంలో ఒక రోజు కాఫీ తాగుతూ, "ఒరే, టికెట్టు ముందుకి మార్చడానికి ఎంతవుతుందో కనుక్కో" అన్నారు. చలికి తట్టుకోలేకపోతున్నారు కాబోలు అనుకున్నాను. రాత్రి మా ఆవిడతో అంటే, "చలీ కాదు, ఏం కాదు. మామయ్యగారికి ఆ అక్షరాలు కనబడట్లేదు. ముక్కు స్క్రీనుకి ఆనించి చూస్తారు, కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని లేచిపోతారు. రోజూ పక్కనే ఉంటారు, మీరు చూడలేదా?" అంది.

చూడలేదు. కంటిలో శుక్లాలు మొదలయ్యాయనీ, ఇంకా ఆపరేషన్ దాకా రాలేదనీ మా ఊరి డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. తెలిసినా గుర్తుకి రాలేదు.

సరే, ఇక మన ప్రతాపం. బ్రౌజర్లో అక్షరం పెద్దది చేసుకుంటే పోలేదా అంటారేమో. పేజీ పెరుగుతుంది కానీ మెనూలు, పైన అడ్రసు గడి, ఫైళ్ళ పేర్లు అన్నీ చీమల్లాగే ఉంటాయి. ఆయనకి అన్నీ పెద్దవి కావాలి. నా మానిటరు 27 అంగుళాలది, 2560 బై 1440 చుక్కలు. దాన్ని 1600 బై 900 కి దించాను. అన్నీ పెద్దవయ్యాయి. నాన్న గంటసేపు చదువుకున్నారు. నేనొచ్చి మళ్ళీ పాత రిజల్యూషన్‌కి మార్చేసరికి, పొద్దుటినుంచీ సర్దుకున్న నా పద్నాలుగు కిటికీలూ ఒక మూలకి పోగుపడి ఉన్నాయి. ఐకాన్లు చెల్లాచెదురు. నేను నోరు తెరిచి ఏమీ అనలేదు. కానీ ఒక నిట్టూర్పు విడిచాను. నాన్న విన్నారు. మర్నాటినుంచి కంప్యూటరు దగ్గరికి రావడం మానేశారు.

ఆ శనివారం కూర్చుని రెండో సెషన్ పెట్టాను. యూనిక్సు వాళ్ళకి ఇది పాత చింతకాయ పచ్చడే. ఎక్స్ అనే బొమ్మల వ్యవస్థ 1984లో ఎమ్ఐటీలో పుట్టింది, 1987లో వచ్చిన పదకొండో వెర్షనే ఎక్స్11. ఒకే యంత్రం మీద ఎన్ని ఎక్స్ సర్వర్లయినా నడపొచ్చు. మొదటిదాని పేరు :0, రెండోదాని పేరు :1. ఒక్కోటీ ఒక్కో వర్చువల్ టెర్మినల్ మీద కూర్చుంటుంది. నాది డెబియన్ 11, ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. నా సెషన్ ఏడో టెర్మినల్ మీద ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే మూడోదానికి వెళ్తాం. అక్కడ నాన్న పేరుతో లాగిన్ అయ్యి, స్టార్ట్‌ఎక్స్ అని కొట్టి, రెండు గీతలు పెట్టి :1 అంటే చాలు, ఆయన డెస్క్‌టాప్ లేస్తుంది. ఆయన ఎక్స్-ఇనిట్ ఫైల్లో మొదటి వాక్యంగా ఎక్స్-ర్యాండర్ తో 1600 బై 900 పెట్టమని రాశాను. అటు మారినప్పుడు ఆ రిజల్యూషన్, ఇటు మారినప్పుడు ఈ రిజల్యూషన్. ఒకరి కిటికీల జోలికి ఇంకొకరు పోరు. నేను మొదలుపెట్టిన కంపైలింగ్ ఆయన చదువుకుంటున్నా వెనక నడుస్తూనే ఉంటుంది. ఒక్క పాటలే ఆగిపోతాయి, ఎందుకంటే సౌండు కార్డు ఎదురుగా కూర్చున్న వాళ్ళకే దక్కుతుంది.

నా భుజం నేనే తట్టుకుని నాన్నని పిలిచాను. ఆయన కూర్చుని, కళ్ళజోడు పైకి కిందకి జరిపి చూసి, "టైపు అరిగిపోయిందిరా" అన్నారు.

"అరగడమేంటి నాన్నా, పెద్దవి చేశాను కదా?"

"పెద్దవి సరే. అంచులు చూడు. అరిగిన టైపుతో పీల్చుడు కాగితం మీద అచ్చేస్తే సిరా ఇలాగే పాకుతుంది. గుడి ఎక్కడో, గుడిదీర్ఘం ఎక్కడో తెలీట్లేదు. వత్తులన్నీ ముద్ద."

నేను 1280 బై 720 పెట్టి చూపించాను. ఇంకా పెద్దవయ్యాయి. ఆయన తల అడ్డంగా ఊపారు. "నువ్వు చిన్న అక్షరాన్ని భూతద్దంలో పెట్టి చూపిస్తున్నావు. పెద్ద అక్షరం వేరురా. 24 పాయింట్ల అక్షరం కావాలంటే 12 పాయింట్లది సాగదీస్తామా? దానికి వేరే అచ్చు పోయిస్తాం, వేరే కేసు పెడతాం."

మాస్టర్స్ డిగ్రీ పుచ్చుకున్న వాణ్ణి, నోట మాట రాలేదు. ఎందుకంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పాత డబ్బా మానిటర్లలో గాజు మీద ఎలక్ట్రాన్ల పుంజం గీసేది, ఎన్ని గీతలన్నా ఏదో సర్దుకునేది. ఇప్పటి ఎల్సీడీలో చుక్కలు ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు. 1600 ని 2560 మీద పరిస్తే ఒక్కో చుక్క 1.6 చుక్కలవ్వాలి. 0.6 చుక్క అనేది లేదు కాబట్టి పక్కదాన్ని సగం సగం వెలిగిస్తుంది. అదే ఆయన చూసిన సిరా పాకడం. 1280 అయితే సరిగ్గా రెట్టింపు, ఒక చుక్కకి నాలుగు చుక్కలు. కానీ అక్షరంలో అసలున్న వివరం పెరగదు కదా. పైగా నా మానిటరు దాన్ని కూడా నునుపు చేస్తానని మసక చేసింది.

లెక్క చూడండి. అచ్చులో దాదాపు 72 పాయింట్లు ఒక అంగుళం. అంగుళానికి 96 చుక్కలు అని కంప్యూటరుకి చెప్తే 12 పాయింట్ల అక్షరానికి 16 చుక్కల ఎత్తు వస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి 16 చాలు. తెలుగులో పైన గుడి, కింద వత్తు అన్నీ అందులోనే ఇరుక్కోవాలి. "లక్ష్మి" అన్న మాట చాలు ప్రాణం తియ్యడానికి. అదే మానిటర్ని దాని సొంత 2560 బై 1440 లోనే ఉంచి, అంగుళానికి 192 చుక్కలు అని చెప్తే అదే అక్షరానికి 32 చుక్కలొస్తాయి. గాజు మీద దాని సైజు 1280 బై 720 లో వచ్చినంతే, చుక్కలు మాత్రం నాలుగింతలు. ఎక్స్ఎఫ్‌సీఈలో ఇది అపియరెన్స్ సెట్టింగుల్లో ఫాంట్ల దగ్గర ఒకే ఒక్క అంకె. అంటే నేను ఇంత హంగామా చేసి రాసిన రిజల్యూషన్ వాక్యం కొట్టేయడమే అసలు మందు అన్నమాట! రెండో సెషన్ మాత్రం కావాల్సిందే, ఎందుకంటే ఆ అంకె ఆయన ఖాతాలో మారాలి, నా ఖాతాలో మారకూడదు.

192 పెట్టి, పోతన ఫాంటు ఎంచి, మళ్ళీ వికీసోర్సు తెరిచాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. స్క్రీను మీద ఒక వత్తు దగ్గర వేలు పెట్టి, "ఇది కొత్త టైపు" అన్నారు. అంతే. నేను పక్కనున్న సంగతి మర్చిపోయి చదవడం మొదలుపెట్టారు. వీపు కుర్చీకి ఆనించి కూర్చున్నారు. వచ్చాక ఆయన స్క్రీను ముందు అలా కూర్చోవడం అదే మొదటిసారి.

రాత్రి భోజనాల దగ్గర, "ఆ రోజు విసుక్కున్నాను, ఏమనుకోకండి నాన్నా" అన్నాను. "నీ కేసులో నేను చెయ్యి పెడితే నాకు మాత్రం కోపం రాదా ఏంటి? ప్రెస్సులో ఒకడి కేసు ఇంకొకడు కెలికితే కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు నా కేసు నాకుంది, నీది నీకుంది" అన్నారు. మర్నాడు చూస్తే మీటల మీద కాగితాలు అంటించి ఉన్నాయి. టికెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రెండో సెషన్ ఎవరి కోసం పెట్టానో నిజాయితీగా చెప్పాలంటే, మొదట నా కిటికీలు కాపాడుకోవడం కోసం. ఆయన కళ్ళు రెండో సంగతి. అడ్డుగోడ కట్టబోతే అది ఆయనకి గది అయింది. అది కూడా ఆయన లోపం చూపించాకే.

ఇప్పుడు ఎవరైనా ఇలా చేయాలనుకుంటే ఒక మాట. గ్నోమ్, కేడీఈ రెండూ ఎక్స్ ని వదిలి వేలాండ్ వైపు వెళ్ళాయి కాబట్టి ఈ స్టార్ట్‌ఎక్స్ తంతు అక్కర్లేదు. పెద్దవాళ్ళకి వేరే ఖాతా తెరిచి, అందులో స్కేలింగ్ 200 శాతం పెట్టి, యూజర్ని మార్చుకుంటే చాలు. రిజల్యూషన్ మాత్రం దించకండి.

నాన్న 2023 ఏప్రిల్లో వెళ్ళిపోయారు. తర్వాత గుంటూరులో రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది, ఇప్పుడు నా కన్నా బాగా చదువుతున్నారు. ఫోన్ చేసినప్పుడు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, "ఒరే, నా కేసు అలాగే ఉంచావా, తీసేశావా?" అని.

ఉంచాను నాన్నా. ఎఫ్3 నొక్కితే చాలు.