కక్కయ్య చేతిలో ఏముండాల?

హార్మోనియం మీద నాకు పగేమీ లేదు. ముందే చెప్తున్నా, లేకుంటే మా నాటకాల మామలు నా మీదికి వస్తారు. సురభి నాటకం 1885లో పుట్టింది మన కడప జిల్లాలోనే. హార్మోనియం లేకుండా పద్యనాటకం రాత్రంతా నడుస్తుందా? నడవదు. అయితే నాటకం వేరు, చరిత్ర వేషం వేరు. మా కాలేజీలో గొడవంతా అక్కడే మొదలైంది.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఈసారి పిల్లలతో జిల్లా చరిత్ర వేషాలు వేయించాలనుకున్నాం. ఎర్రగుంట్లకు ఆ హక్కుంది. తెలుగులో మనకు దొరికిన మొదటి శాసనం కలమళ్ళది, ఆ ఊరు మా మండలమే. క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుడు ధనంజయుడిది. అందుకని ధనంజయుడు ముందు, ఆ తర్వాత అన్నమయ్య, మొల్ల, పోతులూరి వీరబ్రహ్మం, సిద్ధయ్య, కక్కయ్య, బ్రౌను దొర. కమిటీ రాసిన కాగితంలో పేరు పక్కన ‘చేతిలో వస్తువు’ అని ఒక గడి ఉంది. ధనంజయుడికి కత్తి. అన్నమయ్యకు తంబుర. మొల్లకు తాటాకులు. బ్రహ్మంగారి పక్కన హార్మోనియం. బ్రౌనుకు నిఘంటువు. కక్కయ్యకు కత్తి.

రాజుకు ఒక కత్తి, మాదిగకు ఒక కత్తి. ఎంత సమానత్వమో చూడండి!

ముందు హార్మోనియం సంగతి తేల్చినా. బ్రహ్మంగారు 17వ శతాబ్దపు మనిషి. హార్మోనియానికి అలెగ్జాండర్ దెబాన్ అనే ఆయన పారిస్‌లో పేటెంటు తీసుకున్నది 1842లో. నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టుకుంటూ వాయించే పెట్టె ఆ తర్వాత కలకత్తాలో తయారైంది. అంటే బ్రహ్మంగారు జీవసమాధి అయిన నూటయాభై ఏళ్ళకు కూడా ఆ పెట్టె కందిమల్లాయపల్లెకు వచ్చే దారి లేదు. మనం బ్రహ్మంగారి నాటకాలు చూసి చూసి, తత్వం అనగానే చెవుల్లో హార్మోనియం మోగించుకుంటున్నాం. ఇంకో విచిత్రం, ఇది మన దేశపు వాయిద్యం కాదని ఆలిండియా రేడియో 1940 నుంచి ముప్పై ఏళ్ళు దాన్ని స్టూడియో గడప తొక్కనియ్యలేదు. మా కమిటీ మాత్రం 17వ శతాబ్దంలోకి తోలుకొచ్చింది. అన్నమయ్య పాటకు వయొలిన్ పెడతామన్నారు, అదీ అంతే. దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పాల్సింది బాలుస్వామి దీక్షితుల పేరు. అప్పటికి అన్నమయ్య పోయి మూడు వందల ఏళ్ళు. ఏకతార, చిరుతలు చాలన్నాను. ఎవరూ కాదనలేదు. తేదీలు చెప్తే ఒప్పుకుంటారు.

తేదీలతో తేలనిది కక్కయ్య దగ్గర వచ్చింది.

కథ మీకు తెలుసు. మనిషి దేహంలోనే చక్రాలున్నాయి, దేవతలున్నారు అని బ్రహ్మంగారు సిద్ధయ్యకు బోధిస్తుంటే కక్కయ్య చాటుగా విన్నాడట. ఇంటికి పోయి, నిద్రపోతున్న పెండ్లాన్ని కోసి చూశాడట. ఏమీ కనపడక బ్రహ్మంగారి మీదికి తగాదాకు వస్తే, ఆయన ఆమెను బతికించి ఇతన్ని శిష్యుణ్ణి చేసుకున్నాడట. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషిగా ఈ కథను నేను చాలాసార్లు చదివినా. దూదేకుల సిద్ధయ్యకు బోధ అర్థమవుతుంది, మాదిగ కక్కయ్యకు మాత్రం మాటకు మాట అర్థమే తెలుస్తుంది, కత్తి తీస్తాడు. తోలు కోసే చేయి కాబట్టి మనిషినీ కోస్తుందని కథ కట్టినవాళ్ళకు తోచింది. అదే చేయి ఆ తోలుతో ఏం చేసేదో కథకు పట్టలేదు.

ఆ వేషం కడతానని వచ్చిన పిల్లోడు సెకండియర్. "కత్తి వద్దు మేడం, మా ఇంట్లో తప్పెట ఉంది" అన్నాడు.

కాలానికి తగిన వాయిద్యమేనా అంటే, తగినదే. చట్రానికి తోలు బిగించిన పలక మన దక్షిణాదిలో ఎంత పాతదో చెప్పడానికి తమిళుల పఱై చాలు, తొల్కాప్పియంలోనే దాని మాటుంది. పఱై కొట్టేవాళ్ళ పేరే ఇంగ్లీషుకు పోయి ‘పరయా’ అయింది, వెలివేసిన ఎవరికైనా అదే పేరు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వీణల పేర్లు వరసపెట్టి చెప్తుంటే ఊపిరాడదు. వీణలకు అంత జాబితా ఉంది. తప్పెటకు జాబితా అక్కర్లేదు, ప్రతి పల్లెలో ఒక గోడకు వేలాడుతుంది.

ఒక సారు మెల్లగా అన్నాడు, "స్టేజీ మీద సరస్వతి పటం ఉంటుంది కదా మేడం, తోలు వాయిద్యం..."

"మృదంగం తోలు కాదా సార్?" అన్నాను. ఆవు, గేదె, మేక, మూడింటి చర్మమూ పడుతుంది దానికి. ఆ మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అని పుస్తకం రాస్తే, ఆవిష్కరణకు ఇచ్చిన హాలును చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. తోలుతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ తోలు ఎవరు తీశారో చెప్తేనే ఇబ్బంది. సారు ఇంకేం మాట్లాడలేదు.

ఇక ఫైబరా, తోలా? పిల్లోని మేనమామ దగ్గర ఫైబర్ పలకలున్నాయి, పెండ్లిళ్ళకూ పార్టీల ఊరేగింపులకూ అవే. ఇనుప చట్రం, బోల్టులు తిప్పితే బిగుస్తాయి, వానకు మెత్తబడవు, మంట అక్కర్లేదు. కొట్టేవాళ్ళకు సుఖం, నేనెందుకు కాదంటాను. కానీ కక్కయ్య కాలం కావాలంటే తోలుదే. సొప్ప మంట దగ్గర కాచాల, వేలితో తట్టి వినాల, మళ్ళీ కాచాల. ఆ కాచడంలోనే సగం విద్య ఉంది.

అన్నీ కుదిరినాయి అనుకునేటప్పటికి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "ఏం మేడం, కాలేజీకి పంపింది తప్పెట కొట్టేదానికా? అది మానిపించే దానికే గదా నేను పరుగు రాళ్ళు మోసింది."

ఫోన్లో చెప్పే జవాబు కాదని వాళ్ళింటికే పోయినా. నా దగ్గరా ఆ మాట ఉంది. మా జేజినాయన చావులకు, జాతరలకు, దండోరాకు కొట్టినాడు. పిలిస్తే పోనంటే కుదిరేది కాదు, కళ్ళంలో ఇచ్చినన్ని జొన్నలు తెచ్చుకోవాల. మా నాయన ఆ తప్పెటను అటకెక్కించి మమ్మల్ని బడికి పంపినాడు, దాన్ని ముట్టుకోనియ్యలేదు. చచ్చిన గొడ్లు మోయడం మానండని అంబేద్కర్ చెప్పిన దారే అది. మళ్ళీ 1994లో ఈదుముడిలో దండోరా ఉద్యమం పుట్టినాక, అదే తప్పెటను పేరు వెనక మాదిగ అని రాసుకుని మరీ బజార్లో కొట్టినారు మనవాళ్ళు. మా నాయనా తప్పు కాదు, వాళ్ళూ తప్పు కాదు. ఇదంతా ఆమెకు ఉపన్యాసంగా చెప్పలేదు. మా నాయన సంగతి ఒక్కటే చెప్పినా.

ఆమె చాలాసేపు బియ్యం ఏరుతా కూచుంది. "సరే సెల్లెలా. ఒక్క మాట. కుర్చీల్లో కూచున్నోళ్ళు ‘కొట్రా’ అంటే మావాడు కొట్టగూడదు. వాడనుకున్నప్పుడే కొట్టాల, వాడనుకున్నప్పుడే ఆపాల."

"అట్లనే అక్కా" అన్నా.

ఆ రోజు పొద్దున్నుంచి ముసురు. సైకిల్ స్టాండు వెనక సొప్ప మంటేసి మామా అల్లుళ్ళు తప్పెట కాచినారు. పొగ చూసి వాచ్‌మన్ బకెట్ నీళ్ళతో పరుగెత్తుకొచ్చినాడు, మంట ఆర్పకుండా ఆపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. స్టేజీ మీద ఏకతారతో బ్రహ్మంగారు, చిరుతలతో సిద్ధయ్య. కక్కయ్య వచ్చి మొదటి దెబ్బ వేసినాడు. మైకు దూరంగా పెట్టమని చెప్పింది మంచిదైంది.

మూడో వరస నుంచి ఎవరో పెద్దమనిషి ఉషారుగా, "ఇంగో రెండు దెబ్బలు కొట్రా అబ్బోడా!" అని అరిచినాడు. పిల్లోడు ఆపినాడు. పుల్లలు రెండూ నడుములో దోపుకుని, పోయి సిద్ధయ్య పక్కన నిలబడినాడు. హాలంతా ఏమైందో తెలియక చూస్తా ఉంది. కాసేపటికి వాడే పుల్లలు తీసి మళ్ళీ మొదలుపెట్టినాడు, ఈసారి వరస వేరే.

మొల్ల వేషం కట్టిన అమ్మాయి దిగివస్తా నన్నడిగింది, "కక్కయ్య పెండ్లానికి వేషం లేదా మేడం?" అని. వచ్చే వారం ఆమె గురించి రాస్తా.

సాయంత్రం తుంపర పడుతుంటే, వాళ్ళమ్మ తోలు తడవకుండా తప్పెటను కొంగులో చుట్టుకుని బస్సెక్కింది.